కాలు వంచిన కండెన్సర్

పాత మైనం వేడెక్కితే వచ్చే వాసన ఒకటుంది. అది తేనెతుట్టె వాసన కాదు, కొవ్వొత్తి వాసనా కాదు. ఏళ్ల తరబడి మూసి ఉంచిన పెట్టెలో కాగితమూ, దుమ్మూ, తారూ కలిసి మగ్గిపోయి, ఒక్కసారిగా వేడి తగిలేసరికి బయటపడే వాసన. నానక్‌రామ్‌గూడలో పద్నాలుగో అంతస్తులో, కిటికీ తీస్తే ఎదురుగా ఇంకో ముప్పై అంతస్తుల అద్దాల గోడ తప్ప మరేమీ కనపడని మా ఫ్లాటులో వారం రోజులుగా అదే వాసన. మా కోడలు ఆఫీసు నుంచి రాగానే ముక్కు మూసుకుని బాల్కనీ తలుపులు బార్లా తెరుస్తుంది. ఆమె జుట్టు ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యరు నా బల్ల మీద ఉందని తెలిసిన రోజున ఏమీ అనలేదు గానీ, మర్నాడు కొత్తది కొనుక్కుని గదిలో దాచుకుంది. ఆ డ్రయ్యరుతో నేను చేస్తూ వచ్చిన పని, ఒక వాల్వు రేడియోలోంచి ఊడదీసిన పాత కండెన్సర్ల మైనం కరిగించి, లోపలి చుట్టను బయటికి తోసి, ఖాళీ అయిన ఆ అట్టగొట్టంలో కొత్త కండెన్సర్ దూర్చడం.

రేడియో నాది కాదు, పద్మజది. ఆమె బాచుపల్లి నుంచి కారులో వెనక సీటు మీద, పసిపిల్లను తెచ్చినట్టు దుప్పటి చుట్టి తెచ్చింది. బల్ల మీద పెట్టి, "మీ నాన్నగారి చెయ్యి నీకే వచ్చింది సుగుణా, నువ్వే చూడాలి" అంది. నాకు అరవై ఏళ్లు దగ్గర పడ్డాయి, ముప్పై ఏళ్లు బడిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాను, అయినా ఆ మాటకు ఒళ్లు మండింది. నాయిన చెయ్యి ఎవరికి వచ్చిందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఎరగనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. వాల్వు రేడియోలో గాజు బల్బుల్లా వెలిగే వాల్వులు అంత తొందరగా పోవు, ముందు పోయేవి కండెన్సర్లే. కాగితాన్నీ రేకునూ కలిపి చుట్టి, మైనంలో ముంచి, అట్టగొట్టంలో పెట్టినవి అవి. ఏళ్లు గడిచే కొద్దీ తేమ పట్టి, ఆపాల్సిన కరెంటును ఆపలేక కారిపోతుంటాయి. మా అబ్బాయి వాటిని కెపాసిటర్లంటాడు, నాకు మాత్రం నాయిన అన్న కండెన్సర్లే. వాటన్నిటిలో ఒకటి మరీ ముఖ్యమైనది. చిన్న వాల్వులో పుట్టిన పాటను పెద్ద వాల్వుకు అందించేది అదే. అది పాటను పోనివ్వాలి, కరెంటును ఆపాలి. ఆ ఒక్కటీ కారిందంటే పెద్ద వాల్వు తట్టుకోలేక ఎర్రగా కాలిపోతుంది. నా చిన్నతనం మొత్తం ఆ ఒక్క కండెన్సరు దగ్గరే ఆగిపోయింది.

అప్పటి నానక్‌రామ్‌గూడ ఇప్పుడు ఎవరికి చెప్పినా నమ్మరు. పెద్ద పెద్ద రాతిగుండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఊరు. ఆ గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు, వాటి కింద మేకలు, ఖాజాగూడ చెరువు వైపు వెళ్లే బండ్లబాట, వాన పడితే ఆ బాట పొడుగునా ఎర్రటి బురద, వాన వెలిశాక ఆ బురదలోంచి లేచే మట్టివాసన, ఎండాకాలంలో మధ్యాహ్నం పూట గుండ్లు కాలి సాయంత్రం దాకా ఆవిర్లు కక్కుతూ ఉండటం, చలికాలంలో ఆ గుండ్ల మీదే వెచ్చదనం కోసం పిల్లలమంతా వీపులు ఆనించి కూర్చుని గచ్చకాయలాడటం. మాకు కొంచెం జొన్న చేను ఉండేది, అది మా బాబాయిలు చూసుకునేవారు. నాయిన మాత్రం చిన్నప్పుడే పట్నం వెళ్లి ఒక రేడియో దుకాణంలో పని నేర్చుకుని వచ్చి, మా ఇంటి ముందుగదిలో కిటికీ పక్కన బల్ల వేసుకున్నాడు. గచ్చిబౌలి నుంచి, రాయదుర్గం నుంచి, కొండాపూర్ నుంచి సైకిళ్ల వెనక రేడియోలు కట్టుకుని వచ్చేవాళ్లు. వానాకాలం మొదలవగానే మా గది రేడియోలతో నిండిపోయేది. తేమకు వాటి గొంతులన్నీ ఒకేసారి పట్టేసేవి.

నాయిన పొట్టిగా, మౌనంగా ఉండేవాడు. పనిచేసేటప్పుడు కింది పెదవిని పళ్ల కింద పెట్టుకునేవాడు, సోల్డరింగ్ కడ్డీ వేడెక్కిందో లేదో చెంప దగ్గర పెట్టుకుని చూసేవాడు, మాట్లాడాల్సి వస్తే కడ్డీ పక్కన పెట్టి మాట్లాడేవాడు. బాగుచేసిన రేడియోను నేరుగా ప్లగ్గుకు పెట్టేవాడు కాదు. గోడకు బిగించిన బల్బు గుండా ముందు కరెంటు పంపేవాడు. ఆ బల్బు భగ్గుమంటే లోపల ఎక్కడో షార్టు ఉన్నట్టు, సన్నగా ఎర్రబడి ఊరుకుంటే అంతా క్షేమమన్నట్టు. ఆ బల్బు ఎర్రబడగానే నేను చప్పట్లు కొట్టేదాన్ని. అందుకు నాకు జీతంగా ఒక పిప్పరమెంటు దొరికేది.

ఆ బల్ల మీద రెండు ఉండేవి, ఒక గాజు సీసా, ఒక రేకు డబ్బా. పాత రేడియోల్లోంచి తీసిన కండెన్సర్లను నాయిన మీటరు పెట్టి చూసేవాడు. మీటరు ముల్లు ఒక్క గెంతు గెంతి మళ్లీ మొదటికి వచ్చేస్తే అది మంచిది, సీసాలోకి పోయేది. ముల్లు మధ్యలోనే ఆగిపోతే చెడ్డది. చెడ్డదాన్ని డబ్బాలో వేసే ముందు కటింగ్ ప్లేయరుతో దాని తీగల్లో ఒకదాన్ని కొక్కెంలా వంచేవాడు. "కాలు వంచిన" అనేవాడు. కాలు వంచినదాన్ని ఎవరూ పొరపాటున కూడా వాడరు. పారేయొచ్చు కదా అని అమ్మ అడిగితే, ఎప్పుడో ఒకప్పుడు దాని తీగ అయినా పనికొస్తుందనేవాడు. మా ఇంట్లో పారేయడమన్నది ఉండేది కాదు, చింతగింజలు కూడా దాచేవాళ్లం.

నా పీట ఆ బల్ల కిందే, నాయిన మోకాలికి ఆనుకుని ఉండేది. కింద పడ్డ స్క్రూలు ఏరివ్వడం, సోల్డరింగ్ పేస్టు మూత తీసివ్వడం నా పని. కడ్డీ పట్టుకుంటానని ఎన్నోసార్లు అడిగాను. ఒకసారి ఇచ్చాడు. నా అరచేతులు చెమటలు పట్టి, కడ్డీ జారి, నాయిన తొడ మీద పడింది. అప్పటి నుంచి అడిగితే, "నీ చెయ్యి నిలువది బిడ్డా, జర పెద్దగ కానీ" అనేవాడు. సరే, పెద్దయ్యాకే అనుకున్నాను. ఆ పీట ఎటూ నాదే గదా అని నాకు నిశ్చింత.

అప్పుడొచ్చారు పద్మజ వాళ్లు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన సర్కారు గుమాస్తా ఆమె తండ్రి. ఆయన ఆఫీసు మా ఊరికి దగ్గర, పట్నంలో కిరాయిలు ఎక్కువ, అందుకని మా వెనక రెండు గదుల్లో దిగారు. తండ్రి, తల్లి, మామ్మ, పద్మజ. నాకు పదేళ్లు, ఆమెకు పన్నెండు. వచ్చిన రోజే మామ్మ సున్నుండలు చేసి పంపింది. మా అమ్మ తిరిగి సర్వపిండి ఇచ్చింది. ఆ సున్నుండలు తిన్న నాయిన, ఆ నెలంతా ఇంకేం తిన్నా వాటి ఊసే ఎత్తేవాడు. అక్కడ మొదలైంది నా కడుపుమంట.

అన్నిటికంటే ముందు ఆ "గారు." మా ఊళ్లో పిల్లలం తండ్రిని నువ్వు అనేవాళ్లం, పిలవాలంటే గట్టిగా కేక వేసేవాళ్లం. పద్మజ గుమ్మం దగ్గర నిలబడి, "బాబాయిగారూ, లోపలికి రావచ్చాండీ" అని అడిగింది. నాయినను అంత మర్యాదగా పిలిచినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. రేడియోలు తెచ్చేవాళ్లు కూడా "ఏమయ్య, అయిందా" అనేవాళ్లే. నాయిన కడ్డీ పక్కన పెట్టి, తల నిమురుకుని, "రా బిడ్డా" అన్నాడు. బిడ్డా అన్నాడు. అది నా పేరు. నాకు ఇంకో పేరు ఉందన్న సంగతి బడిలో తప్ప నాకు గుర్తుండేది కాదు.

తర్వాత ప్రతిదాంట్లోనూ అంతే. గచ్చకాయలు నేను నేర్పిస్తే పది రోజుల్లో నన్నే ఓడించింది. దసరా సెలవుల్లో బతుకమ్మకు తంగేడు పూలు, గునుగు పూలు తేవడానికి గుండ్ల వైపు వెళ్తే, నేను మోకాళ్లు గీరుకుని ఒడి నిండా కోసుకొచ్చిన పూలను ఆమె కూర్చుని తాంబాళంలో వరసలు వరసలుగా, పట్టీ పెట్టి గీసినట్టు పేర్చింది. అదే మొదటిసారి ఆమె బతుకమ్మను చూడటం. వాడకట్టు ఆడవాళ్లంతా నడుమ మా బతుకమ్మనే పెట్టి ఆడారు. ఎవరు పేర్చారంటే అందరూ ఆమెనే చూపించారు. ఆఖరి రోజు, సద్దుల నాడు, అమ్మ చేసిన మలీద ముద్దలు పంచుతూ పెద్ద ముద్ద ఆమె చేతిలో పెట్టింది. నేను నా ముద్దను ఆమె ముద్ద పక్కన పెట్టి కొలిచాను. నా కళ్లలో అప్పుడు నిప్పులు పోసుకున్నది ఎవరికీ కనపడలేదు, చీకట్లో పాటలు పాడుతున్నారు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది బల్ల దగ్గర జరిగింది. పద్మజ వాళ్ల రేడియో, అదే ఇప్పుడు నా ముందున్న ఈ రేడియో, లారీలో వస్తూ మూగబోయింది. అది చనిపోయిన తాతగారు కొన్నది. కార్తీకంలోపు బాగుచేసి పెట్టమని మామ్మ అడిగింది, తెల్లవారుజామున భక్తి పాటలు లేకుండా ఆమెకు పూజ పూర్తయినట్టు ఉండదు. అయితే ఒక షరతు పెట్టింది. ఆదివారాలు తాతగారు వెనక అట్ట తీసి లోపల దుమ్ము దులిపేవారట; లోపల అంతా ఆయన చూసినట్టే ఉండాలి, కొత్త వస్తువు ఒక్కటీ కంటికి కనపడకూడదు. ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్లు. నాయిన సరేనన్నాడు.

అప్పుడు మొదలుపెట్టిన పద్ధతే ఇప్పుడు నేను చేసింది. కుంపటి మీద నీళ్లగిన్నె, దాని మీద చిల్లుల పళ్లెం, ఆ ఆవిరికి మెత్తబడ్డ పాత కండెన్సర్లోంచి గొడుగు చువ్వతో చుట్టను బయటికి నెట్టడం, ఖాళీ గొట్టంలో సీసాలోంచి తీసిన చిన్న కండెన్సరు పెట్టడం, రెండు చివర్లూ కరిగిన మైనంతో మూయడం. మూశాక చూస్తే పాతదే. ఆ మైనం పోయడం మాత్రం నాయినకు సరిగా కుదిరేది కాదు, ఆయన వేళ్లు లావు. నేను చేస్తానన్నాను. చెమట చెయ్యి వణికి మైనమంతా గొట్టం మీద ఒలికింది. పద్మజ చేతికిచ్చాడు. ఆమె ఊపిరి బిగబట్టి, చుక్క తర్వాత చుక్క వేసి, పైన నున్నగా సమంగా, తడిమితే నాణెంలా ఉండేలా మూసింది. నాయిన ఆ గొట్టాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క మాట కూడా అనకుండా రెండోది అందించాడు. ఆయన మాట అంటే బాగుండేది. ఏమీ అనకుండా పని అప్పగించడమంటే ఎంత మెచ్చుకోలో ఆ బల్ల కింద పెరిగిన నాకు తెలుసు.

మర్నాటికి నా పీట బల్ల కిందినుంచి బల్ల ముందుకు వచ్చింది, దాని మీద పద్మజ కూర్చుంది. నన్ను కుంపటి విసరమన్నారు.

ఒక మధ్యాహ్నం నాయిన అన్నానికి లోపలికి వెళ్లాడు, పద్మజ వాళ్ల గదిలోకి వెళ్లింది, అమ్మ కునుకు తీస్తోంది. ఆఖరుగా మిగిలిన గొట్టం ఖాళీగా పళ్లెంలో ఉంది, అందులోకి వెళ్లాల్సిన కండెన్సరు సీసా మూత మీద విడిగా పెట్టి ఉంది. నేను రేకు డబ్బాలోంచి అదే పొడుగూ అదే రంగూ ఉన్న ఒక కండెన్సరు తీశాను. దాని కాలు వంచి ఉంది. కటింగ్ ప్లేయరు నాయిన జేబులో ఉండిపోయింది. అందుకని ఆ తీగను పళ్ల మధ్య పెట్టి, చింతగింజ కొరికినట్టు కొరికి, లాగి లాగి తిన్నగా చేశాను. నోరంతా తుప్పు రుచి. దాన్ని మూత మీద పెట్టి మంచిదాన్ని డబ్బాలో వేశాను. ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకు పూర్తిగా తెలియదు. పాట రాదు, పద్మజ మూసింది సరిగా లేదంటాడు, ఆమెను లేపి నన్ను కూర్చోబెడతాడు, అంతవరకే ఆలోచించాను.

సాయంత్రం ఆ చెడ్డ కండెన్సరునే పద్మజ గొట్టంలో పెట్టి మైనంతో మూసింది. నాయిన దాన్ని అతికాడు. అది పెద్ద వాల్వుకు పాటనందించే కండెన్సరు.

మర్నాడు పొద్దున మామ్మ స్టూలు మీద కూర్చుంది, మా అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది, పద్మజ తల్లి గుమ్మానికి ఆనుకుంది. గోడమీది బల్బు సన్నగా ఎర్రబడింది. నేను చప్పట్లు కొట్టలేదు. నేరుగా కరెంటు ఇచ్చాక వాల్వులు ఒక్కొక్కటే వెలిగి, ముందు గుయ్యిమని, తర్వాత ఎంత బాగా పాడిందో ఆ రేడియో! మామ్మ కళ్లు మూసుకుంది. పాడటం చూసి నాకు గుండె జారిపోయింది, నేను చేసింది పారలేదని. పది నిమిషాలు గడిచాయి. పాట మెల్లగా బొంగురుపోయింది, పడిశం పట్టిన మనిషి పాడుతున్నట్టయింది. నాయిన చటుక్కున వెనక్కి వంగి చూశాడు. పెద్ద వాల్వు లోపలి రేకు నిప్పుకణికలా ఎర్రగా ఉంది. ప్లగ్గు పీకేశాడు. వాల్వు అప్పటికే పోయింది.

నాయిన ఆ గొట్టాన్ని విప్పి, బ్లేడుతో పొడుగునా కోసి, లోపలి కండెన్సరు తీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాడు. చాలాసేపు చూశాడు. పద్మజ రెండు చేతులూ గౌనుకు తుడుచుకుంటూ, "నేను సరిగ్గా మూయలేదా బాబాయిగారూ" అని అడిగింది. నేను తలుపు చాటున ఉన్నాను, ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని ఎదురుచూస్తున్నాను. నాయిన ఆ కండెన్సరును చొక్కా జేబులో వేసుకుని, "పాత సామాను గదా, అట్లనే అయితది" అన్నాడు. మామ్మతో కొత్త వాల్వు వేస్తానని చెప్పాడు. అంతే.

అంతే అయితే బాగుండేది. ఆ మర్నాడు వాల్వు కోసం కోఠీ వెళ్తూ నాయిన పద్మజను వెంట తీసుకెళ్లాడు. నేనూ వస్తానని చెప్పులు వేసుకున్నాను. "నువ్వు ఇంటికాడ ఉండు" అన్నాడు. నన్ను ఎన్నడూ కోఠీ తీసుకెళ్లలేదు. నేను చేసిన పాపం ఆమెకు పట్నం ప్రయాణం తెచ్చిపెట్టింది, నాకేమో ఊడ్చే గది మిగిల్చింది. సాయంత్రం బస్సు దిగి ఇద్దరూ బండ్లబాట మీద నడిచొస్తుంటే గుండు మీదెక్కి చూశాను. వాల్వు డబ్బా ఆమె చేతుల్లోనే ఉంది. ఇంటికొచ్చాక ఆమె రుమాలు విప్పి, తను తినకుండా దాచి తెచ్చిన ఉస్మానియా బిస్కెట్లు రెండు నాకిచ్చింది. తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను.

ఆ రోజు నుంచి పద్మజ నాతో మరీ మెత్తగా ఉండసాగింది. గచ్చకాయల్లో కావాలని ఓడిపోయేది. బల్ల దగ్గరికి పిలిస్తే, నాకు చదువుకోవాల్సింది ఉంది, సుగుణను కూర్చోనివ్వండి అనేది. నేను దాన్ని పొగరు అనుకున్నాను, గెలిచినవాళ్లు చూపించే జాలి అనుకున్నాను. ఏడాది తిరక్కుండా వాళ్ల నాన్నకు క్వార్టర్సు దొరికి పట్నంలోకి వెళ్లిపోయారు. రేడియో కూడా వెళ్లిపోయింది, కొత్త వాల్వుతో, చక్కగా పాడుతూ.

అప్పుడు నాయిన నాకు పని నేర్పాడు. ఓపిగ్గా, నా చెమట చేతుల కింద బట్ట పెట్టి, అతుకు పెట్టడం, మీటరు చూడటం, మైనం పోయడం అన్నీ నేర్పాడు. నేను బాగానే నేర్చుకున్నాను. కానీ నేను మూసిన ప్రతి గొట్టాన్నీ ఆయన వెలుగులో తిప్పి చూస్తుంటే, పద్మజ అయితే ఇంకా నున్నగా మూసేది అని ఆయన మనసులో అనుకుంటున్నాడని నాకు అనిపించేది. ఆయన ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అనని మాటను ఏళ్ల తరబడి వింటూ పెరిగాను. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి, గుండ్లను పగలగొట్టడం మొదలైంది. ఇంటి స్థలం బిల్డరుకిచ్చాం, ఫ్లాటు వచ్చింది. నాయిన పోయి పన్నెండేళ్లు. ఆయన పదకొండో రోజున పద్మజ నాకంటే ఎక్కువ ఏడ్చింది. దానికి కూడా నాకు కుళ్లే.

ఇప్పుడు ఆ రేడియో తెరిచి చూస్తే మొదట కనిపించింది మైనం మూతలే. నాయినవి గరుకుగా, వేలి గుర్తులతో ఉన్నాయి. పద్మజవి నున్నగా ఉన్నాయి, ఇన్నేళ్లకూ ఒక్క పగులు లేదు. లోపలివి మార్చాలంటే వాటిని పగలగొట్టక తప్పదు. నేను ముందు పద్మజ మూసినవే పగలగొట్టాను. నిజం చెప్పాలంటే, హాయిగా ఉండింది. నాయినవి ఆఖర్న, డ్రయ్యరు దూరంగా పట్టుకుని, వేలిగుర్తులు చెరగకుండా ఒక పక్కనుంచి కరిగించాను. ఒక గొట్టం మాత్రం పొడుగునా కోసి, దారంతో చుట్టి, మళ్లీ మైనం పూసి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈ రేడియోను ఏమీ చెప్పకుండా తిరిగి ఇచ్చేయలేననిపించింది.

నిన్న మధ్యాహ్నానికి పని పూర్తయింది. బల్బు సన్నగా ఎర్రబడింది, ఇప్పుడు మా ఇంట్లో గోడకు బల్బు లేదు గనక బల్ల మీదే పెట్టుకున్నాను. రేడియో బతికింది. అయితే ముల్లును ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పితే వచ్చేది జోరీగల మోత. ఈ టవర్లలో ప్రతి గదిలోనూ ఎల్‌ఈడీ దీపాలు, చార్జర్లు, లిఫ్టు మోటార్లు, ఇంటర్నెట్టు డబ్బాలు. అన్నిటి గోలా రేడియోలోనే పడుతుంది. ఒకప్పుడు మా ఇంటి కప్పు నుంచి వేపచెట్టుకు ఒక తీగ లాగితే చాలు, ఎక్కడెక్కడి స్టేషన్లూ పక్కింట్లో పాడుతున్నట్టు వినిపించేవి. చెట్టు పోయింది, గుండ్లు పోయాయి, బండ్లబాట ఎక్కడుండేదో నేనే చెప్పలేను; గాలిలో ఉండే ఆ నిశ్శబ్దం కూడా పోతుందని మాత్రం అనుకోలేదు. బాల్కనీ అంచుకు జరిపి, తీగ బయటికి వేలాడదీసి, అరగంట తిప్పితే మోత అడుగున ఒక పాట దొరికింది. అది అట్లా పాడుతుండగానే పద్మజకు ఫోన్ చేశాను.

అంతా చెప్పాను. డబ్బా, కాలు, పళ్లు, అన్నీ.

"నాకు తెలుసే సుగుణా. కోఠీ వెళ్లేటప్పుడు బస్సులో బాబాయిగారు చెప్పారు" అంది.

ఏం చెప్పాడని అడిగాను.

"తీగ మీద పంటి గాట్లు చూపించారు. 'ఇది మా సుగుణ పని తల్లీ. నేను దాన్ని పక్కన పెట్టాను, అందుకే చేసింది. తప్పు నాదే. నీ తప్పేం లేదని చెప్పడానికే నిన్ను తీసుకొచ్చాను. దానికి తెలియనివ్వకు, సిగ్గుపడుతుంది' అన్నారు."

"నాయిన తల్లీ అనడు" అన్నాను.

పద్మజ ఆలోచించింది. "అవును, బిడ్డా అనే అన్నారు."

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని నిలదీశాను, ఆయన పోయాకైనా చెప్పొచ్చు కదా అన్నాను. చెప్పొద్దన్నారు గదా, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఆయన లేరు గదా అంది, ఎంతో మామూలుగా.

నేను ఏడ్వాలి. క్షమించినవాళ్ల గురించి తెలిసినప్పుడు మనుషులు ఏడుస్తారు. నాకు మాత్రం మొదట వచ్చింది కోపం. నేను దాన్ని పక్కన పెట్టాను, తప్పు నాదే అని నాయిన అన్నాడు. నేను పదేళ్లప్పటి నుంచి ఎదురుచూసిన మాట అది. ఆ మాట పుట్టింది నా గురించి, పోయింది ఆమె దగ్గరికి. ఇన్నేళ్లూ బాచుపల్లిలో ఎవరో దాచిన చీరలా మడత నలగకుండా ఉంది, పన్నెండేళ్లుగా ఆయన లేని ఈ ఇంట్లో లేదు. పైగా దాన్ని ఆమె తన యాసలోకి మార్చేసుకుంది. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది. ఒక్కో మాటనూ నేను మనసులో నాయిన నోట్లో పెట్టి చూసుకున్నాను: పక్కకు పెట్టిన, గందుకే చేసింది, తప్పు నాదే, దానికి తెల్వనియ్యకు బిడ్డా. ఆ చివరి మాట దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. అక్కడ బిడ్డ నేను కాదు.

పద్మజ మాట మార్చింది. రేడియో ఎంతవరకు వచ్చింది, ఎప్పుడు వచ్చి తీసుకెళ్లమంటావు అని అడిగింది.

ఇంకా చాలా పని ఉందన్నాను. కండెన్సర్లు దొరకడం లేదు, పది పదిహేను రోజులు పట్టొచ్చన్నాను. నా మోచేతి పక్కనే రేడియో పాడుతోంది, జోరీగల మోతతో సహా. ఫోనులో ఆమెకు వినపడకుండా ఉండే వీల్లేదు.

"సరే, నిదానంగా చెయ్యి సుగుణా. తొందరేం లేదు" అంది పద్మజ.

విని కూడా విననట్టు ఊరుకోవడం ఆమె ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు. అందుకే ఆమెను ఇప్పటికీ ఓర్వలేకపోతున్నాను.